పాత బండ్లు, సీసం లేని పెట్రోలు, మన పిల్లల రక్తం



ఈ పేజీలో మేము బి.పి., షుగరు, టి.బి., గర్భిణీ స్త్రీల ఆహారం వంటి విషయాలు వ్రాస్తుంటాము. ఈసారి కారు ఇంజను గురించి వ్రాస్తున్నామంటే మీలో కొందరు నవ్వుకోవచ్చు. అయితే ఈ విషయం మన ఓ.పి. గదిలోనే మొదలైంది గనుక వ్రాయక తప్పలేదు.

నవాబుపేట దగ్గరి ఒక పల్లె నుండి ఒక పెద్దాయన నాలుగేళ్ళ మనుమణ్ణి తీసుకొని వచ్చారు. బాబుకు తరచుగా కడుపునొప్పి, మలబద్ధకం, ఆకలి లేకపోవడం. ముఖం పాలిపోయి ఉంది. ఆ పెద్దాయనకు పాత పెట్రోలు అంబాసిడర్ కారు ఉంది. పెళ్ళిళ్ళకు పూలు కట్టి కిరాయికి ఇస్తారు. మాటల మధ్యలో ఆయన మమ్మల్ని ఇలా అడిగారు.

"సిస్టరమ్మా, మీరు మందుల సంగతి చదువుకున్నోళ్ళు గదా. ఎనకట పెట్రోల్ల సీసం ఉండేదంట. అది తీసేసినంకనే పాత ఇంజన్లు ఖరాబైతున్నయని మా మెకానిక్ అంటడు. టాంకిల సీసం ముక్కలు ఏస్తే మంచిగుంటదని పాత బ్యాటరీ పలగ్గొట్టి తీసి పెట్టిన. ఏయమంటరా?"

"ఆ ముక్కలు ఎక్కడ పెట్టినరు పెద్దయ్యా?" అని అడిగాము.

"షెడ్డులనే ఉన్నయి. ఈడు వాటితోనే ఆడుకుంటడు" అన్నారు ఆయన, మనుమణ్ణి చూపిస్తూ.

డాక్టరుగారు వెంటనే బాబు రక్తం తీయించి సీసం పరీక్ష కొరకు హైదరాబాదుకు పంపించారు. ఫలితం ఏమి వచ్చిందో చివర చెబుతాము. ముందు ఆ పెద్దాయన అడిగిన ప్రశ్న చూద్దాము. అది మంచి ప్రశ్న. పెట్రోలులో సీసం ఎందుకు కలిపారు? ఎందుకు తీసేశారు? తీసేసిన తరువాత పాత బండి ఎలా నడుస్తుంది?

సీసం ఇంజనుకు ఏమి చేసేది?

బరువుతో అనంతగిరి ఎత్తు ఎక్కేటప్పుడు పాత పెట్రోలు బండి లోపల టకటకమని కొట్టుకోవడం పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. దీనిని మెకానిక్కులు నాకింగ్ అంటారు. ప్లగ్గు నిప్పు అంటుకొని మంట నెమ్మదిగా వ్యాపించకముందే, మిగిలిన పెట్రోలు ఆవిరి తనంతట తాను ఒక్కసారిగా మండిపోవడమే దీనికి కారణం. ఇది ఎక్కువైతే పిస్టన్లు పాడవుతాయి.

1921లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేసే థామస్ మిడ్జ్‌లీ అనే ఇంజనీరు, టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు ద్రవాన్ని కొంచెం కలిపితే ఈ నాకింగ్ ఆగుతుందని కనుగొన్నారు. 1923 ఫిబ్రవరిలో ఒహాయో రాష్ట్రంలోని డేటన్ పట్టణంలో మొదటిసారి సీసపు పెట్రోలు అమ్మారు. అక్కడి నుండి అది ప్రపంచమంతా వ్యాపించింది.

సీసం వలన ఇంకొక ప్రయోజనం కూడా కనబడింది. ఇంజను హెడ్డులో పొగ బయటకు పోయే వాల్వు ఎర్రగా కాలుతూ ఉంటుంది. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరిగితే ఆ వాల్వు నిమిషానికి 1500 సార్లు తన సీటు మీద పడి మూసుకుంటుంది. అంత వేడిలో వాల్వు, సీటు ఒకదానికొకటి కొంచెం అతుక్కుంటాయి. తిరిగి తెరుచుకునేటప్పుడు సీటు నుండి ఇనుము అణువంత అణువంత ఊడి వస్తుంది. సీసం మండగా మిగిలిన పూత ఈ రెండింటి మధ్య పలుచటి పొరగా నిలిచి అతుక్కోకుండా కాపాడేది. ఆ పొర లేకపోతే సీటు అరిగి, వాల్వు క్రమంగా హెడ్డు లోనికి దిగిపోతుంది. పెద్దాయన మెకానిక్ చెప్పిన మాటలో ఉన్న నిజం ఇంతవరకే.

ఇక టాంకిలో సీసం ముక్కలు వేసే సంగతి. అప్పటి పెట్రోలులో కలిపినది సీసపు ముక్క కాదు. అది ఫ్యాక్టరీలో తయారుచేసిన, పెట్రోలులో కలిసిపోయే ద్రవం. బ్యాటరీ నుండి తీసిన సీసం పెట్రోలులో అలా కలిసి వాల్వు దాకా చేరదు. అది టాంకి అడుగున పడి ఉంటుంది, లేదా మన ఇంట్లో పిల్లల చేతుల్లో ఉంటుంది. ఇంజనుకు మేలు లేదు, పిల్లలకు కీడు మాత్రం ఉంది.

సీసం పుట్టకముందే కార్లు నడిచాయి

హైదరాబాదులో చౌమహల్లా ప్యాలెస్ చూడడానికి వెళ్ళినవారు అక్కడ నిజాంగారి పసుపుపచ్చ రోల్స్ రాయిస్ కారును చూసి ఉంటారు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి కొరకు చేయించిన 1912 నాటి సిల్వర్ ఘోస్ట్ అది. కారు రాకముందే, 1911లో ఆయన చనిపోయారు. ఈ కారు తయారైనప్పుడు ప్రపంచంలో ఎక్కడా సీసం కలిపిన పెట్రోలు లేదు. అంటే మన రాష్ట్రంలోని పేరుపొందిన పాత కార్లలో ఒకటి సీసం లేని పెట్రోలు కొరకే పుట్టింది. సీసానికి అలవాటు పడినవి ఆ తరువాత పుట్టిన ఇంజన్లు. పెద్దవారి కంటే నడిమి తరం వారికే దురలవాటు అబ్బినట్లు!

సీసం విషమని ఆ రోజుల్లో తెలియక కాదు. 1923లో మిడ్జ్‌లీ గారే సీసపు విషంతో జబ్బుపడి నెలకు పైగా విశ్రాంతి తీసుకోవలసి వచ్చింది. 1924 అక్టోబరులో న్యూజెర్సీలోని బేవే ఫ్యాక్టరీలో ఈ ద్రవం తయారుచేసే కార్మికులు ఉన్నట్లుండి పిచ్చిగా ప్రవర్తించసాగారు. లేనివి ఉన్నట్లు కనబడడం, ఫిట్స్ రావడం మొదలైంది. ఐదుగురు చనిపోయారు. పరిశ్రమల్లో విషాల గురించి బాగా తెలిసిన వైద్యురాలు డాక్టర్ ఆలిస్ హామిల్టన్ 1925లోనే దీనిని వాడవద్దని హెచ్చరించారు. ఆమె మాట ఎవరూ వినలేదు.

ఎందుకు తీసేశారు?

సీసం ఇంజనులో ఉండిపోదు. చాలావరకు పొగతో బయటకు వస్తుంది. గాలిలో కలిసి, రోడ్డు పక్క మట్టిలో పడి, పిల్లల చేతులకు అంటి నోటిలోనికి పోతుంది. అమెరికాలో 1976 ప్రాంతంలో జనం రక్తంలో సగటున డెసిలీటరుకు 15 మైక్రోగ్రాముల దాకా సీసం ఉండేది. పెట్రోలులో సీసం తగ్గిస్తున్న కొద్దీ రక్తంలో కూడా అదే వరుసలో తగ్గింది. ఇప్పుడు అక్కడి పిల్లల సగటు 1 మైక్రోగ్రాము కంటే తక్కువ. 1979లో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే డాక్టరుగారు ఊడిన పాలపళ్ళను పరీక్షించారు. పళ్ళలో సీసం ఎక్కువగా ఉన్న పిల్లలు చదువులో, తెలివిలో, శ్రద్ధలో వెనుకబడి ఉన్నారని చూపించారు. ఆ పిల్లలు పైకి జబ్బు మనుషుల్లా కనబడలేదు. ఈ విషం సంగతి అంతే. అది చప్పుడు చేయదు.

మన దేశంలో 1990ల చివర జార్జ్ ఫౌండేషన్ వారు హైదరాబాదుతో కలిపి ఏడు నగరాల్లో రక్తపరీక్షలు జరిపించారు. 12 ఏళ్ళలోపు పిల్లల్లో సగం మందికి పైగా 10 మైక్రోగ్రాముల కంటే ఎక్కువ సీసం ఉన్నట్లు తేలింది. బెంగుళూరులోని సెయింట్ జాన్స్ మెడికల్ కాలేజీకి చెందిన డాక్టర్ తుప్పిల్ వెంకటేశ్ గారు ఈ పనిలో ముఖ్యులు. సీసం విషం గురించి మన దేశంలో చాలామందికి తెలిసింది ఆయన కృషి వలననే.

మన ప్రభుత్వం మెట్టు మెట్టుగా సీసాన్ని తీసివేసింది. 1995 ఏప్రిల్ 1 నుండి ఢిల్లీ, ముంబయి, కలకత్తా, చెన్నై నగరాల్లో కొత్త కార్ల కొరకు సీసం లేని పెట్రోలు వచ్చింది. ఆ కార్లకు పొగను శుద్ధిచేసే కేటలిటిక్ కన్వర్టర్ ఉండేది. సీసం తగిలితే అది పాడైపోతుంది. 1997 జనవరి నుండి దేశమంతా సీసాన్ని లీటరుకు 0.15 గ్రాములకు తగ్గించారు. 2000 ఫిబ్రవరి 1 నుండి దేశమంతటా సీసపు పెట్రోలు అమ్మకం ఆగిపోయింది. ఫలితం త్వరగానే కనబడింది. ముంబయిలో 1997లో నూటికి 62 మంది పిల్లలు 10 మైక్రోగ్రాములు దాటి ఉండగా, 2002లో పరీక్షించినప్పుడు నూటికి 33 మందే దాటి ఉన్నారు. ప్రపంచంలో చివరగా అల్జీరియా దేశం 2021 జూలైలో ఆపివేసింది.

మన ఆస్పత్రి అంబాసిడర్ సంగతి

2000లో మాలో కొందరము అప్పుడే స్టాఫ్ నర్సులుగా చేరినవాళ్ళము. పల్లెల్లో టీకాలు వేయడానికి మేము ఒక పాత పెట్రోలు అంబాసిడర్‌లో వెళ్ళేవాళ్ళము. పెట్రోలు మారిందని తెలియగానే మా డ్రైవరు చాలా దిగులుపడ్డాడు. ఆరు నెలల్లో ఇంజను కూర్చుంటుందన్నాడు. ఆరు నెలలు గడిచాయి, సంవత్సరం గడిచింది, బండి నడుస్తూనే ఉంది. మన రోడ్ల మీద గంటకు 40, 50 కిలోమీటర్ల వేగం దాటితే గదా! కొన్నేళ్ళ తరువాత పొద్దున స్టార్టు కావడం కష్టమైంది. హెడ్డు విప్పించి, పొగ వాల్వులకు గట్టి ఉక్కు సీటు రింగులు వేయించాము. ఆ తరువాత అది పనికిరాదని తీసివేసేవరకు మళ్ళీ ఆ బాధ రాలేదు.

ఆ రోజులదే ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అది చెప్పడానికి మాకు కష్టంగానే ఉంది. బ్యాటరీలు బాగుచేసే ఒకతని ఆరేళ్ళ కొడుకును కడుపునొప్పి, రక్తహీనతతో రెండు మూడుసార్లు మా వార్డులో చేర్చారు. ప్రతిసారి నులిపురుగుల మందు, ఐరన్ సిరప్ ఇచ్చి పంపించాము. కొన్నాళ్ళు బాగుండేవాడు, మళ్ళీ వచ్చేవాడు. బడిలో అక్షరాలు నిలవడం లేదని వాళ్ళమ్మ ఏడ్చేది. తండ్రి ఏమి పని చేస్తాడో కేస్‌షీటులో వ్రాసే ఉంది. అయినా మాలో ఒక్కరమూ ఆ రెండింటినీ కలిపి ఆలోచించలేదు. సీసం పరీక్ష చేయించలేదు. తరువాత ఆ కుటుంబం ఊరు విడిచి వెళ్ళింది. ఆ బాబు జబ్బు సీసమే అని మేము చెప్పలేము. అడగవలసిన ప్రశ్న అడగలేదని మాత్రం చెప్పగలము. అందుకే ఇప్పుడు పాలిపోయిన ప్రతి పిల్లవాని తల్లిదండ్రులను "మీ ఇంట్లో ఎవరు ఏ పని చేస్తారు?" అని అడుగుతున్నాము. ఈ పెద్దాయన షెడ్డు గురించి అడిగింది కూడా అందుకే.

పాత బండి ఉన్నవారికి

మొదట మీ బండికి ఈ బాధ ఉందో లేదో తెలుసుకోండి.

1. డీజిల్ బండ్లకు ఈ సంగతి వర్తించదు. డీజిలులో ఈ సీసం ఎన్నడూ కలపలేదు. డీజిల్ అంబాసిడర్లు, డీజిల్ జీపులు ఉన్నవారు నిశ్చింతగా ఉండండి.

2. పాత టూ స్ట్రోక్ బజాజ్ చేతక్, రాజ్‌దూత్, ఎజ్డీ వంటి బండ్లకు అసలు ఇటువంటి వాల్వులే ఉండవు. వాటికి భయం లేదు.

3. మారుతి 800 వంటి అల్యూమినియం హెడ్డు ఇంజన్లకు సీటు రింగులు విడిగా బిగించి ఉంటాయి. వాటికి కూడా ఇబ్బంది తక్కువ.

4. హెడ్డు పోత ఇనుముతో చేసి, సీటు ఆ ఇనుములోనే చెక్కి ఉన్న పాత పెట్రోలు ఇంజన్లకే జాగ్రత్త కావాలి. పాత పెట్రోలు అంబాసిడర్లు, పాత పెట్రోలు జీపులు ఉన్నవారు మెకానిక్‌ను అడిగి చూపించుకోండి.

అటువంటి బండి ఉంటే టాపెట్ గ్యాప్ క్రమం తప్పకుండా చూపించండి. సాధారణంగా టాపెట్లు చప్పుడు చేస్తే గ్యాప్ పెరిగిందని మనకు తెలుస్తుంది. ఇక్కడ దానికి వ్యతిరేకం. సీటు అరిగి వాల్వు లోపలికి దిగితే గ్యాప్ తగ్గిపోతుంది, చప్పుడు కూడా తగ్గుతుంది. ఇంజను మెత్తబడిందని మనం సంతోషిస్తాము. కొన్నాళ్ళకు వాల్వు పూర్తిగా మూసుకోక, కంప్రెషన్ పోయి, వాల్వు కాలిపోతుంది. పొగ వాల్వుల గ్యాప్ పదే పదే తగ్గుతుంటే సీటు అరుగుతున్నదని గుర్తు.

నిదానంగా నడిపే బండికి సీటు అరగడం చాలా తక్కువ. హైవే మీద గంటల తరబడి వేగంగా, ఎక్కువ బరువుతో నడిపినప్పుడే త్వరగా అరుగుతుంది. పెళ్ళి ఊరేగింపుకు పోయే బండికి తొందరేమీ లేదు. ఎప్పుడైనా హెడ్డు విప్పవలసి వచ్చినప్పుడు గట్టి ఉక్కు సీటు రింగులు వేయించుకుంటే ఆ బాధ తీరిపోతుంది. సీసానికి బదులుగా పొటాషియం, మాంగనీసు, ఫాస్ఫరస్ వంటివి ఉన్న మందులు సీసాలలో అమ్ముతారు. వాడదలచినవారు దానిపై వ్రాసిన కొలత ప్రకారమే వాడండి. రెండు రకాలు కలపవద్దు. పిల్లలకు అందకుండా పెట్టండి.

సీసం పోవడం వలన పాత బండికి మేలు కూడా జరిగింది. సీసపు మురికి లేకపోవడం వలన ప్లగ్గులు, సైలెన్సరు ఎక్కువ కాలం వస్తాయి. ఇంజను ఆయిలు కూడా త్వరగా చెడదు.

ఈ రోజుల్లో పాత బండికి సీసం లేకపోవడం కంటే ఇథనాలు కలవడమే ఎక్కువ పట్టించుకోవలసిన విషయం. 2023 నుండి మన దేశంలో నూటికి 20 పాళ్ళు ఇథనాలు కలిపిన ఈ20 పెట్రోలు వచ్చింది. ఇథనాలు నాకింగ్‌ను ఆపుతుంది. మిడ్జ్‌లీ గారి కాలంలోనే ఈ సంగతి తెలుసు. అయితే అది పాత రబ్బరు పైపులను, గ్యాస్కెట్లను పాడుచేస్తుంది, తేమను పీల్చుకుంటుంది. కొన్ని పాత వాహనాలకు 20,000 నుండి 30,000 కిలోమీటర్లు తిరిగిన తరువాత కొన్ని రబ్బరు భాగాలు మార్చవలసి రావచ్చని 2025లో ప్రభుత్వమే చెప్పింది. పెట్రోలు పైపులు పగిలి కారుతున్నాయేమో చూసుకోండి. నెలల తరబడి బండిని కదపకుండా టాంకిలో పెట్రోలు ఉంచవద్దు. పైపు కారితే అది ఇంజను సమస్య మాత్రమే కాదు, అగ్నిప్రమాదం కూడా.

పెట్రోలుతో చేయకూడనివి

సీసం పోయినంత మాత్రాన పెట్రోలు మంచినీళ్ళు కాలేదు. అందులో బెంజీన్ ఉంది. అది రక్తకణాలను దెబ్బతీసి క్యాన్సరుకు దారితీస్తుంది.

పెట్రోలుతో చేతులు కడగవద్దు. సబ్బు వాడండి.

బండిలో నుండి పెట్రోలు తీయడానికి పైపును నోటితో పీల్చవద్దు. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోనికి పోతే ప్రమాదకరమైన నిమోనియా వస్తుంది. పొరపాటున పెద్దలు గాని పిల్లలు గాని పెట్రోలు, కిరోసిన్ మింగితే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు త్రాగించవద్దు. వాంతి చేయిస్తే అది మళ్ళీ ఊపిరితిత్తుల్లోనికి పోతుంది. దగ్గు లేకపోయినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.

పెట్రోలును నీళ్ళ సీసాలో పోసి ఇంట్లో పెట్టవద్దు. తలుపులు మూసిన షెడ్డులో ఇంజను నడపవద్దు.

సీసం ఇంకా ఎక్కడ ఉంది?

మన పల్లెల్లో ఆ రోజుల్లో పెట్రోలు బండ్లు తక్కువ గనుక పొగ ద్వారా వచ్చిన సీసం పట్నం పిల్లలకే ఎక్కువ చేరింది. ఇప్పుడు పట్నంలో గాలి సీసం తగ్గింది గాని, ఇళ్ళలోనికి సీసం వేరే దారుల్లో వస్తున్నది. 2020లో యూనిసెఫ్ వారు ప్రపంచంలో ప్రతి ముగ్గురు పిల్లల్లో ఒకరి రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని అంతకు మించి గాని సీసం ఉందని లెక్కవేశారు. ఆ పిల్లల్లో అత్యధికులు మన దేశంలోనే ఉన్నారు.

- పాత బ్యాటరీలను ఇంట్లో, పెరట్లో పగలగొట్టడం, సీసం కరిగించడం. ఇది అన్నింటికంటే ప్రమాదం.
- తలుపులు, కిటికీలు, ఊయలల మీది పాత రంగు పెచ్చులు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని 90 పి.పి.ఎం.కు పరిమితం చేసిన నియమం మన దేశంలో 2017 నవంబరు నుండే అమలులోనికి వచ్చింది. అంతకు ముందు వేసిన రంగును పొడిగా గీకవద్దు.
- రంగు కొరకు సీసపు క్రోమేట్ కలిపిన కల్తీ పసుపు. కొమ్ములు కొని పట్టించుకోవడం మేలు.
- కొన్ని రకాల సుర్మా, సింధూరం. చిన్నపిల్లల కళ్ళకు సుర్మా పెట్టవద్దు.
- ఇత్తడి పాత్రలకు సీసం కలిపిన కల్తీ కళాయి. ముఖ్యంగా చింతపండు పులుసు వంటివి వాటిలో నిలువ ఉంచవద్దు.
- చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు.

శరీరంలో ఏమి చేస్తుంది?

నోటిలోనికి పోయిన సీసాన్ని పెద్దల శరీరం కంటే చిన్నపిల్లల శరీరం నాలుగైదు రెట్లు ఎక్కువ పీల్చుకుంటుంది. ఐరన్, కాల్షియం తక్కువగా ఉన్న పిల్లల్లో ఇంకా ఎక్కువ. అది రక్తం తయారు కానివ్వదు, మెదడు ఎదుగుదలను అడ్డుకుంటుంది. పెద్దవారిలో బి.పి.ని పెంచుతుంది, కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎముకల్లో దాక్కొని ఏళ్ళ తరబడి ఉంటుంది. గర్భిణీగా ఉన్నప్పుడు తల్లి ఎముకల నుండి కరిగి కడుపులో బిడ్డకు చేరుతుంది. ఇంత వరకు ఫరవాలేదు అనదగిన మోతాదు ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. రక్తంలో 5 మైక్రోగ్రాములు గాని అంతకంటే ఎక్కువ గాని ఉంటే ఎక్కడి నుండి వస్తున్నదో వెదికి ఆపాలని 2021లో ఆ సంస్థ సూచించింది.

ఏమి చేయాలి?

ఇంట్లో ఎవరైనా బ్యాటరీ, రంగుల, మెకానిక్ పని చేస్తుంటే, పిల్లలకు కడుపునొప్పి, మలబద్ధకం, రక్తహీనత, చదువులో వెనుకబడడం ఉంటే ఆ సంగతి మాకు తప్పక చెప్పండి. మామూలు రక్తపరీక్షలో సీసం తెలియదు. దానికి వేరే పరీక్ష ఉంది.

పని బట్టలు విడిగా ఉతకండి. పని నుండి రాగానే చేతులు, ముఖం కడుక్కొని ఆ తరువాతే పిల్లలను ఎత్తుకోండి. షెడ్డును పొడిగా ఊడ్చవద్దు, తడిగుడ్డతో తుడవండి. పాత బ్యాటరీని పగలగొట్టకుండా కొత్తది కొనేచోటే ఇచ్చివేయండి. పిల్లలకు పాలు, రాగులు, ఆకుకూరలు, గుడ్లు పెట్టండి. ఖాళీ కడుపుతో ఉన్న పిల్లవానికి సీసం ఎక్కువ ఎక్కుతుంది. శరీరం నుండి సీసాన్ని తీసివేసే మందులు ఉన్నాయి గాని, అవి మోతాదు చాలా ఎక్కువగా ఉన్నవారికి మాత్రమే, డాక్టరు పర్యవేక్షణలో ఇవ్వాలి. మిగిలినవారికి సీసం వచ్చే దారిని మూసివేయడమే వైద్యం.

ఆ బాబు ఎలా ఉన్నాడు?

మనుమని రక్తంలో 9 మైక్రోగ్రాముల సీసం ఉన్నట్లు రిపోర్టు వచ్చింది. పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత "బండి కోసం పోరని పానం మీదికి తెచ్చిన" అన్నారు. తెలియక చేసిన దానికి అంతగా బాధపడవద్దని, తెలిసిన తరువాత చేసేదే ముఖ్యమని మేము చెప్పాము. ఆయన సీసం ముక్కలను బ్యాటరీ దుకాణంలో ఇచ్చివేశారు. షెడ్డును తడిగుడ్డలతో తుడిపించి తాళం వేశారు. బాబుకు ఐరన్ మందు మొదలుపెట్టాము. నాలుగు నెలల తరువాత మళ్ళీ పరీక్షిస్తే 5 మైక్రోగ్రాములు వచ్చింది. ఇంకా తగ్గాలి, మళ్ళీ పరీక్ష ఉంది. కడుపునొప్పి తగ్గింది, అన్నం తింటున్నాడు. పోయిన దానిలో ఎంత తిరిగి వస్తుందో బడికి పోయినప్పుడు గాని తెలియదు.

అంబాసిడర్ కూడా బాగానే ఉంది. హెడ్డుకు కొత్త సీటు రింగులు వేయించారట. మొన్న పెళ్ళికి కూడా పోయి వచ్చింది. ఇంజనుకు సీటు అరిగితే హైదరాబాదులో కొత్తది దొరుకుతుంది. పిల్లవాని మెదడుకు అటువంటి విడిభాగం ఏ దుకాణంలోనూ దొరకదు. మీ షెడ్డులో, పెరట్లో, అటక మీద సీసం ఏమైనా ఉందేమో ఈ వారమే ఒకసారి చూడండి. సందేహం ఉంటే ఓ.పి.లో మమ్మల్ని అడగండి.